పిన్నీసుతో చదివిన దీపం

హిందూపురం చింతపండు మండీలో అశ్వత్థప్పను ఎరగనివాడు లేడు. బస్తా మూతి విప్పి, లోపల చెయ్యి పెట్టి, పిడికెడు పండు తీసి వాసన చూసి, ఇది ఏ చెట్టు కాపో కూడా చెప్పేస్తాడని జనం అనుకునేవారు. చెట్టు సంగతేమో గానీ, తడి పండును ఎండు పండని అమ్మజూపినవాడు మాత్రం ఆయన ముందు నిలవలేకపోయేవాడు. మడకశిర రైతులతో కన్నడంలో, గోరంట్ల రైతులతో తెలుగులో బేరమాడేవాడు. ఏ భాషలో చెప్పినా మాట ఒకటే. అశ్వత్థప్ప అబద్ధమాడడు అన్నది మండీలో స్థిరపడిపోయింది. ఆ పేరు తలచుకుని ఆయన లోలోపల మురిసిపోయేవాడు కూడా. మురిసిపోనిద్దాం, కష్టపడి సంపాదించుకున్న పేరే కదా. అదే పేరు చివరికి ఆయన మెడకు ఎలా చుట్టుకుందో చెప్పడానికే ఇదంతా.

ఆయన మనుషులను నమ్మేవాడు గానీ కాటాను నమ్మేవాడు కాదు. తూకంలో తేడా వచ్చిందంటే ముందు కాటాను తట్టి చూడమనేవాడు. తట్టి, తుడిచి, పళ్ళెం సరిచేసి మళ్ళీ తూస్తే చాలాసార్లు లెక్క సరిపోయేది. "నేను చెప్పలా? సరుకుది కాదప్పా తప్పు, చూపించేదానిది" అని గుమాస్తాల ముందు మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. అలా కాటాలను తడుతూ తడుతూ ముసలివాడయ్యాడు. కొట్టు తమ్ముడి కొడుక్కి అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాక తట్టడానికి ఇంకేమీ లేకపోయింది, ఇంటి ముందు నిలబెట్టిన కారు తప్ప.

ఆ తెల్ల కారును కూతురు ప్రియదర్శినిని ఒకటో తరగతిలో వేసిన ఏడు కొన్నాడు. అది తిరిగిన దారులకు లెక్కలేదు. ఎన్ని పెళ్ళిళ్ళకు, ఎన్ని చావులకు, ఎన్ని పురుళ్ళకు వెళ్ళొచ్చిందో ఆ వీధిలో అందరికీ తెలుసు. రంగు వెలిసింది, సీట్లు చిరిగాయి. దాన్ని అమ్మేయమని భార్య అమృతవల్లి అడగని పండగ లేదు. "ఇరవై ఏండ్లలో ఒక్క దినం నన్ను దోవలో నిలబెట్టలేదే అది. నువ్వు నిలబెట్టినావు గానీ, అది నిలబెట్టలా" అనేవాడు. ఆమె మూతి తిప్పుకుని లోపలికి పోయేది.

ఫోన్లో ఒక కన్నడ వీడియో చూశాడు. ఇలాంటి పాత కార్లకు జబ్బేమిటో తెలుసుకోవడానికి షెడ్డుకు పోనక్కర్లేదట. బానెట్ ఎత్తితే బ్యాటరీ పక్కన మూత పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బీ ఉంటుంది. దాని రంధ్రాల్లో రెండింటిని ఒక ఇనపముక్కతో కలిపి తాళం తిప్పితే, లోపల ఇంజను బొమ్మ ఉన్న పసుపుపచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ లెక్క చెబుతుంది. ఒక్కో లెక్కకు ఒక్కో జబ్బు. అశ్వత్థప్ప ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూసి, మండీ ధరలు కంఠతా పట్టినట్టు ఆ లెక్కలన్నీ పట్టేశాడు.

"ఇదో, ఒక పిన్నీసు ఇయ్యి" అన్నాడు భార్యతో.

"ఎందుకు? గుండీ తెగిందా?"

"నాకు కాదు, బండికి."

"బండికి గుండీలు యాడుండాయి?" అంటూనే తాళిబొట్టు గొలుసుకు గుచ్చుకున్న పిన్నీసుల్లోంచి ఒకటి తీసి ఇచ్చింది. ఆయన దాన్ని వంచి, డబ్బీలో పెట్టి, తాళం తిప్పాడు. దీపం ఒకసారి వెలిగింది. ఆగింది. వెంట వెంటనే రెండుసార్లు వెలిగింది. మళ్ళీ ఒకటి, ఆగి రెండు.

"పన్నెండు" అన్నాడు అశ్వత్థప్ప. "ఏ లోపమూ లేదు, నేను బాగుండా అని చెప్తాండాది."

ప్రియదర్శిని కిటికీలోంచి తొంగిచూసి నవ్వింది. "లోపల ఎవరో కూచోని కన్ను కొడతాండారు నాయనా" అంది. ఆమెకు అప్పటికి మగ్గం పని బాగా సాగుతోంది. ధర్మవరం పట్టుచీరల అంగళ్ళవాళ్ళు రవికలు పంపితే వాటి మీద పూసలు, జరీ కుట్టి తిరిగి ఇచ్చేది. ముందు గదిలో కొయ్య చట్రం మీద రవిక బిగించి పొద్దస్తమానం సూదితోనే ఉండేది. తండ్రి దీపం చదువుతుంటే మాత్రం లేచి వచ్చి తానూ లెక్కపెట్టేది. పన్నెండంటే ఏమిటో ఆమెకూ బాగా తెలిసిపోయింది. మొదట్లో ఆ ఇంట్లో అదొక ఆట.

ఆ వేసవిలో, రోడ్డు మీద తారు మెత్తబడే ఎండల్లో, దీపం దానంతటదే వెలిగింది. అశ్వత్థప్ప పిన్నీసు పెట్టి చూశాడు. రెండు వెలుగులు, ఆగి మూడు. ఇరవై మూడు. ఇంజను తిరుగుతోందో లేదో బండిలోని కంప్యూటరుకు చెప్పే సెన్సరు సరిగా పలకడం లేదని దానికి అర్థం. వీడియోలోని కన్నడాయన ఈ లెక్క దగ్గర వేలు చూపించి మరీ చెప్పాడు. సెన్సరు నోరు మూసుకుంటే ఇంజను ఆగిపోయిందని కంప్యూటరు అనుకుంటుంది, పెట్రోలు కట్టేస్తుంది, ఎక్కడుంటే అక్కడ బండి చచ్చిపోతుంది, దీన్ని మాత్రం వెంటనే మార్చేయండి అన్నాడు. అశ్వత్థప్ప చెవులారా విన్నాడు. విని ఏం చేశాడు? కాటాను తట్టినట్టు సెన్సరును తట్టాడు. దాని వైరు ఊడదీసి, తుడిచి, మళ్ళీ తగిలించాడు. పానాతో బ్యాటరీ నల్లవైరు విప్పి, కొంచెంసేపు ఆగి బిగించాడు. అలా చేస్తే కంప్యూటరు జ్ఞాపకం పోతుంది. దీపం ఆరిపోయింది. తాళం తిప్పితే ఇంజను ఎప్పటిలాగే అందుకుంది.

"బండిది కాదు తప్పు, చూపించేదానిది" అనుకున్నాడు. ఆ మాట అనుకోవడం ఆయనకు అలవాటే గనక అనుమానం రాలేదు.

వచ్చి ఉంటే మాత్రం ఏం చేసేవాడో చెప్పలేం. షెడ్డుకు తీసుకుపోతే, ఆ కాలపు బండికి ఈ సామాను ఇప్పుడు దొరకదు, అమ్మేయండి అంటారు. ఆ మాట అమృతవల్లి చెవిన పడితే ఇక బండి ఇంట్లో ఉండదు. ఆయన భయమంతా బండి ఇల్లు వదిలిపోతుందేమోనని. అది మనిషినే తీసుకుపోతుందన్న భయం అప్పటికి ఇంకా పుట్టలేదు.

దసరా ముందు దీపం మళ్ళీ వెలిగింది. ఈసారి అమృతవల్లి చూసింది. గుడి నుంచి వస్తూ పక్క సీట్లో కూర్చుని, ఆ పసుపుపచ్చ వెలుగు కేసి గుడ్లప్పగించి చూసింది. "అదేమది? ఎందుకట్ల మండతాండాది?" అంది. "ఏం లేదులే" అన్నాడు. ఆమె ఊరుకునే మనిషి కాదు. అమ్మవారికి మొక్కుకుంది.

ఆయుధపూజ నాడు అశ్వత్థప్ప తెల్లవారుతూనే కారు కడిగాడు. బానెట్ ఎత్తి లోపలంతా తుడవాలి గనక, నీళ్ళు పడితే ప్రమాదం గనక, బ్యాటరీ వైరు తీసి పక్కన పెట్టాడు. ఆ ఊళ్ళో బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ పొద్దున చేసేది అదే. తుడిచి, ఆరబెట్టి, వైరు బిగించి, బానెట్ మీద గంధం, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ కట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బూడిదగుమ్మడికాయ దిష్టి తీసి వాకిట్లో పగలగొట్టారు. అమృతవల్లి హారతి పట్టుకుని నిలబడి, "తాళం తిప్పండి" అంది. తిప్పాడు. బండి ముందుకు కదిలింది, నిమ్మకాయలు నలిగాయి. దీపం లేదు.

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అమ్మ కరుణించిందండీ. నా మాట ఇనింది తల్లి. ఆర్పేసింది చూడండి" అని వీధిలో నలుగురికీ వినపడేలా అంది. పక్కింటివాళ్ళు కూడా చేతులు జోడించారు.

అశ్వత్థప్పకు తెలుసు, ఆర్పింది ఏ తల్లీ కాదు, తన చేతిలోని పదో నంబరు పానా. చెప్పబోయాడు. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. బండి అమ్మమనే మాట ఈ దెబ్బతో ఇంట్లో వినబడదు కూడా. "ఊ" అన్నాడు. అది అబద్ధం కాదని ఆయన లెక్క, ఎందుకంటే తాను ఏమీ అనలేదు. తడి బస్తాను చూసి నోరెత్తకుండా పక్కకు తిరిగినవాణ్ణి మండీలో ఈయనే ఎన్నిసార్లు దొంగ అన్నాడో ఆ క్షణాన గుర్తు రాలేదు.

ఆ తర్వాత దీపం వస్తూనే ఉంది. రాను రాను తొందర తొందరగా రావడం మొదలుపెట్టింది. మొదట్లో వారాలు ఆగేది, తర్వాత రోజులే. అమ్మవారు ఆర్పిన దీపం మళ్ళీ వెలిగిందని ఇంట్లో ఎలా చెబుతాడు? భార్య ముగ్గు వేయడానికి బయటికి రాకముందే లేచి, పానా పట్టుకుని, నల్లవైరు విప్పి బిగించి, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకుని కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం గోరంట్ల రోడ్డులో ఒంటరిగా వస్తుండగా ఇంజను ఆగిపోయింది. దగ్గలేదు, ఊగలేదు, ముందుగా ఏమీ చెప్పలేదు. ఉన్నట్టుండి చప్పుడు పోయింది, అంతే. ఇంజను బలం లేక స్టీరింగు బరువెక్కింది. బ్రేకు రెండుసార్లు పట్టి, మూడోసారి కాలి కింద రాయిలా బిగిసిపోయింది. దేవుడి దయ, రోడ్డు ఖాళీగా ఉంది. వేరుశనగ చేను గట్టుకు తగిలి బండి నిలిచింది. ఆయన దిగకుండా లోపలే కూర్చున్నాడు. కొంతసేపటికి ఇంజను చల్లబడింది, తాళం తిప్పగానే అందుకుంది. ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం అప్పటికి అలవాటైపోయింది.

కార్తీకంలో ఆయన కుడికంటికి శుక్లం తీశారు. కంటికి గంత కట్టి, నల్లద్దాలు పెట్టి, బండి ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సరిగ్గా అప్పుడే ధర్మవరం అంగడివాళ్ళు ఫోన్ చేశారు. పెళ్ళిళ్ళ రవికలు తొందరగా కావాలి, కొత్తవి కూడా తీసుకుపోవాలి. ప్రియదర్శినికి లైసెన్సు వచ్చింది, హిందూపురంలో బాగానే నడిపేది. "బస్సులో ఆ మూటలన్నీ మోసుకోని పోలేను నాయనా. నేనే కార్లో పోయొస్తా" అంది.

బయల్దేరే పొద్దున అశ్వత్థప్ప ముందే లేచి వాకిట్లోకి వచ్చాడు. తాళం తిప్పి చూశాడు. దీపం వెలుగుతోంది. ఒంటి కంటితో బానెట్ ఎత్తి, పిన్నీసు పెట్టి, అద్దంలోంచి లోపలికి చూశాడు. రెండు, ఆగి మూడు. అంతలో వెనక అడుగుల చప్పుడు. కూతురు రవికల మూట చంకన పెట్టుకుని వస్తోంది. ఆయన పిన్నీసు లాగేశాడు.

"చూసినావా నాయనా? ఏమొచ్చె?"

ఒక్క క్షణం. ఆ క్షణంలో నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? రవికలు బస్సులో పోయేవి. కారు అమ్ముడుపోయేది. ఇంట్లో నాలుగు మాటలు పడేవాడు. అంతే కదా. ఇప్పుడు తలచుకుంటే పట్టుకుని దులిపేయాలనిపిస్తుంది ఆ మనిషిని.

"పన్నెండు" అన్నాడు.

"బండి బాగుండాది కదా?"

"గుండులాగుండాది. నువ్వు పోయి అమ్మ దగ్గర ఒక బాటిలు నీళ్ళు తెచ్చుకోపో."

ఆమె లోపలికి వెళ్ళి వచ్చేలోగా నల్లవైరు విప్పి బిగించాడు. దీపం ఆరింది. ప్రియదర్శిని మారు అడగలేదు. ఎందుకడుగుతుంది, అశ్వత్థప్ప కూతురు? నాయన నోట అబద్ధం వస్తుందని ఆమెకు పుట్టి బుద్ధెరిగాక తట్టలేదు.

కారు వీధి మలుపు తిరిగింది. ఆయన ఇంట్లోకి వచ్చి మంచం మీద పడుకున్నాడు. అమృతవల్లి కంట్లో చుక్కల మందు వేసింది. మందు మండుతుంటే కళ్ళు మూసుకుని, గోరంట్ల రోడ్డులో ఆ చప్పుడు ఆగిపోవడం మళ్ళీ విన్నాడు. లేచి ఫోన్ చేయబోయి, నడిపేటప్పుడు చేస్తే బెదురుతుందని ఊరుకున్నాడు.

ఫోన్ అదే మోగింది.

"నాయనా, బండి నిలిచిపాయ."

"యాడుండావు?" అన్నాడు.

"సోమందేపల్లి దాటినా. ఎవరో పక్కకు తోసినారు. దీపం వెలుగుతాండాది నాయనా."

ఈసారి ఆలోచించుకునే వ్యవధి కూడా ఉంది. ఆడనే ఉండు, బండి ఎక్కొద్దు, నేనెవరినైనా పంపిస్తా అనడానికి నాలుగు మాటలు చాలు. కానీ పక్కన అమృతవల్లి మందు సీసా పట్టుకుని చెవులు రిక్కించి నిలబడి ఉంది.

"ఏం గాదు. వైరు వదులైంటాది. బానెట్ ఎత్తు. డిక్కీలో పానా ఉండాది చూడు. బ్యాటరీ నల్లవైరు విప్పి, కొంచేపుండి మళ్ళీ బిగించు" అన్నాడు.

ఫోన్ చెవికి ఆనించుకునే కూర్చున్నాడు. లారీలు పోతున్న హోరు, ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు, కూతురు ఊపిరి. తర్వాత ఇంజను అందుకున్న మోత.

"స్టార్టయింది నాయనా. దీపం కూడా పాయ."

"పో. నిదానంగా పో" అన్నాడు అశ్వత్థప్ప.

"ఏమంట?" అంది అమృతవల్లి. "ఏం లేదు, వైరు" అన్నాడు. "అమ్మ ఉండాదిలే దానికి" అని ఆమె మందు సీసా మూత బిగించింది.

తర్వాత చాలాసేపు ఫోన్ రాలేదు. ధర్మవరం చేరి ఉంటుంది, అంగట్లో కూర్చుని రవికలు చూపిస్తూ ఉంటుంది అని తనకు తానే చెప్పుకున్నాడు. వంటింట్లో పప్పు తాలింపు వాసన వచ్చింది. బయట ఎవరో పాత సామాన్లు కొంటామని అరుచుకుంటూ పోయారు. అన్నానికి లేవమని అమృతవల్లి పిలుస్తున్నప్పుడు ఫోన్ మోగింది.

"నాయనా" అంది ప్రియదర్శిని. ఆ తర్వాత ఏమీ వినబడలేదు, గొర్రెల అరుపులు తప్ప. "నాయనా, గొర్రెలు అడ్డమొచ్చె... ఆయప్ప లేయలేదు నాయనా. నీళ్ళు పోసినా లేయలేదు."

జరిగిందేమిటో తర్వాత ఆమె చెప్పిన ముక్కలన్నీ కలిపితే తెలిసింది. పెనుకొండ దాటాక ధర్మవరం దారిలో ఒక దిగుడు. కింద మలుపు దగ్గర పోతులయ్య అనే ముసలాయన గొర్రెలను రోడ్డు దాటిస్తున్నాడు. ప్రియదర్శిని దూరం నుంచే చూసింది. క్లచ్ తొక్కింది, బ్రేకు తొక్కింది. పట్టింది. వదిలి మళ్ళీ తొక్కింది, పట్టింది. మూడోసారి బ్రేకు కాలికి లొంగలేదు, రాయిలా బిగిసిపోయింది. స్టీరింగు తిరగలేదు. ఇంజను ముందే ఆగిందో, తాను కంగారులో ఆపేసిందో ఆమెకే తెలియలేదు. గొర్రెలు చెదిరిపోయాయి. వాటిని తోలుతూ వెనక నడిచే మనిషి పక్కకు జరగలేకపోయాడు.

పెనుకొండ స్టేషనులో కేసు రాశారు. అజాగ్రత్తగా బండి నడిపి మనిషి చావుకు కారణమైందని. జామీను మీద ప్రియదర్శినిని ఇంటికి తెచ్చుకున్నారు. చట్రం మీద సగం కుట్టిన రవిక అలాగే ఉండిపోయింది. ఆమె దాని ముందు కూర్చునేది గానీ సూది పట్టేది కాదు. "క్లచ్ వదిలేసి బ్రేకు తొక్కినానేమో. అందుకే నిలిచిపోయిండాదేమో. నా కాళ్ళే వణికినాయి నాయనా" అనేది, అన్నదే అంటూ. ఆడపిల్ల చేతికి బండిస్తే ఇంతే అని వీధిలో అనుకున్నది ఆమె చెవినా పడింది. అశ్వత్థప్ప అవన్నీ విన్నాడు. నోరు తెరవలేదు.

ఆయన రాక్షసుడేమీ కాదు. ఆయనకు ఒక ధైర్యం ఉంది. బండిని తనిఖీ చేయడానికి రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆయన ముందు పిన్నీసు పెడితే దీపం ఇరవై మూడు చెబుతుంది. లోకమంతటికీ తెలుస్తుంది, తప్పు బండిది, పిల్లది కాదు అని. కూతురు బయటపడుతుంది. తాను పొద్దున చెప్పిన మాట సంగతి ఎవరూ తవ్వరు. తాను చెప్పాల్సింది దీపమే చెబుతుందని ఎదురుచూశాడు. పిరికివాడు కూడా తన లెక్క తాను వేసుకుంటాడు.

తనిఖీ రోజున ముగ్గురూ పెనుకొండ వెళ్ళారు. స్టేషను ఆవరణలో ఎండలో నిలబడి ఉంది కారు. ముందు భాగం నొక్కుకుపోయింది, దసరా కుంకుమ బొట్లు మాత్రం బానెట్ మీద ఇంకా చెదరలేదు. అశ్వత్థప్ప కంటి గంత విప్పి కొన్నాళ్ళే అయింది. కొత్త కంటికి ప్రతిదీ కడిగినట్టు కనబడుతోంది. గోడ నీడలో కూర్చున్న ఆడమనిషి కూడా అంతే స్పష్టంగా కనబడింది. పోతులయ్య పెళ్ళాం మారక్క. ఏదో కాగితం కోసం రమ్మన్నారట. ఒళ్ళో చేతులు పెట్టుకుని కారునే చూస్తోంది.

ఇన్‌స్పెక్టరు బండిలో కూర్చుని తాళం తిప్పాడు. చల్లటి ఇంజను ఒక్క పట్టుకే అందుకుంది. నాలుగడుగులు ముందుకూ వెనక్కూ తీసి బ్రేకులు తొక్కి చూశాడు. బాగా పట్టాయి. కిందకు వంగి చూశాడు, గొట్టాలు చూశాడు. ఆ మనిషి పని ఆ మనిషి శ్రద్ధగానే చేశాడు.

"బండిలో లోపమేం కనపడలేదు పెద్దాయనా" అన్నాడు.

"ఒక్క నిమిషం సార్. దీపం చూపిస్తా. దాన్నడిగితే చెప్తాది" అన్నాడు అశ్వత్థప్ప. భార్య వైపు చెయ్యి చాపాడు. అమృతవల్లి తాళిబొట్టు గొలుసుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. ఆయన వంగిపోయిన బానెట్‌ను బలవంతాన ఎత్తి, డబ్బీ మూత తీసి, పిన్నీసు పెట్టాడు. ఇన్‌స్పెక్టరు తాళం తిప్పాడు.

దీపం ఒకసారి వెలిగింది. ఆగింది. రెండుసార్లు వెలిగింది.

"ఉండండి సార్, ఇంకా వస్తాది" అన్నాడు.

ఒకటి. ఆగి రెండు. మళ్ళీ ఒకటి, ఆగి రెండు. ఇంకేమీ రాలేదు.

"పన్నెండు" అంది ప్రియదర్శిని వెనక నుంచి. "ఏ లోపమూ లేదని సార్ దానికర్థం."

అప్పుడు అర్థమైంది అశ్వత్థప్పకు. సోమందేపల్లి దగ్గర కూతురి చేత నల్లవైరు తానే విప్పించాడు. బండికున్న జ్ఞాపకమంతా ఆ రోడ్డు పక్కనే పోయింది. దిగుట్లో ఆఖరిసారి ఆగినప్పుడు మళ్ళీ రాసుకునేంత వ్యవధి దానికి దొరకలేదు. ఆ పొద్దున ఇంటి ముందు తాను చెప్పిన అబద్ధాన్నే ఇప్పుడది అందరి ముందూ చెబుతోంది. ఆయన ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు.

"సార్, అది నిజం కాదు. వేసవి నుంచి దీనికి జబ్బుండాది. ఇరవై మూడు. ఎక్కడంటే ఆడ నిలిచిపోతాది. నాక్కూడా నిలిచిపాయ, గోరంట్ల రోడ్డులో. వచ్చిన ప్రతిసారీ నేనే వైరు తీసి చెరిపేస్తాంటి. ఆ పొద్దున కూడా నేనే చెరిపినా. పిల్లకు పన్నెండు అని అబద్ధం చెప్పి పంపిచ్చినా సార్. దాని తప్పేమీ లేదు."

ఇన్‌స్పెక్టరు కోప్పడలేదు. జాలిగా చూశాడు. "నాకూ ఆడపిల్లలుండారు పెద్దాయనా. నీ బాధ నాకర్థమవుతాది. అయితే నేను కంటికి కనపడిందే రాయాల" అన్నాడు.

"ఏమండీ, ఎందుకట్లా మాట్లాడతారు?" అంది అమృతవల్లి. "ఆ దీపాన్ని ఆయుధపూజ నాడే అమ్మ ఆర్పేసింది. ఊరంతా చూసిండాది కదా."

"అమ్మ కాదే, నేను. నేనే" అన్నాడు. ఆమె పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవసాగింది, మొగుడికి మతి చెడిందని.

ప్రియదర్శిని దగ్గరికి వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. "మా నాయన అబద్ధం ఆడడు సార్. మండీలో ఎవరినైనా అడగండి. ఆ పొద్దున నేనే అడిగినా, పన్నెండు అన్నాడు. అది నిజం. సోమందేపల్లి దగ్గర నిలిచింది వైరు వదులై, దాన్ని నేనే బిగించినా. ఇప్పుడు నా కోసం చెప్తాండాడు." తండ్రి వైపు తిరిగింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "వద్దు నాయనా. నా కోసం నువ్వు పేరు పోగొట్టుకోవద్దు. నేను చేసింది నేనే పడతా."

ఆయన ఏమని చెబుతాడు? ఇన్నాళ్ళకు నోరు తెరిచి చెప్పిన నిజాన్ని, ఇన్నేళ్ళు నిలబెట్టుకున్న పేరే వచ్చి కొట్టేసింది. ఇన్‌స్పెక్టరు దిగి, కారు పైకప్పు మీద కాగితం పెట్టుకుని, లోపం లేదు అని రాసి, సంతకం చేసి, స్టేషను లోపలికి వెళ్ళిపోయాడు.

గోడ నీడలోంచి మారక్క లేచి వచ్చింది. వచ్చి అశ్వత్థప్ప ఎదురుగా నిలబడింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఎండకు కళ్ళు చికిలించుకుని ఆయన మొహంలోకి చూసింది.

"ఏమప్పా, ఇది దోవలో నిలిచిపోతాదని నీకు తెలుసునా?" అంది.

అశ్వత్థప్ప కూతురి చేతిలోంచి తన చెయ్యి తీసుకున్నాడు.

"తెలుసు తల్లీ" అన్నాడు.

"తెలిసే పంపిస్తివా?"

"తెలిసే పంపిచ్చినా."

మారక్క తల ఊపింది. ఆ ఆవరణలో ఆయన మాట నమ్మింది ఆమె ఒక్కతే. ఇంకేమీ అడగకుండా మళ్ళీ నీడలోకి వెళ్ళి కూర్చుంది. తాళం తీయడం ఎవరికీ గుర్తు రాలేదు, దీపం ఒకటి, ఆగి రెండు, ఒకటి, ఆగి రెండు వెలుగుతూనే ఉంది.